రాయని వరుసలు

లచ్చమ్మ ఇంటి లోపలి గోడకు బిగించిన తెల్ల డబ్బా మూత విప్పి అమల బ్యాటరీ మార్చింది. ఎండ ఇంకా బౌద్ధనగర్ సందులోకి రాలేదు. బయట నల్లా దగ్గర బిందెలు జరుపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ ఒక్క గదిలో మాత్రం రాత్రి ఇంకా వెళ్ళిపోలేదు. రేకుల కింద చిక్కుకున్న వేడి మొహానికి అంటుకుంటోంది.

"నిద్రపోయినవా అత్తా?" అని అడిగింది స్క్రూ బిగిస్తూ.

"ఏడ నిద్ర బిడ్డా. సగం రాత్రి గడప మీదనే కూసున్న. చాప మీద నీళ్ళు చల్లుకొని పండుకుంటే గడియల ఆరిపాయె." లచ్చమ్మ కొంగుతో మెడ తుడుచుకుని డబ్బా వైపు చూసింది. "గిది మంచిగ రాస్తున్నదా మరి? రెండు ఎండకాలాలాయె, గోడకు ఏలాడవట్టి."

"రాస్తున్నదత్తా."

అలా అనేసి, సంచిలోంచి చేతి థర్మామీటరు తీసి గది మధ్యలో నిలబడింది అమల. అంకె కుదురుకునేదాకా కదల్లేదు. ముప్పై నాలుగు దాటి ఆగింది. వారం రోజులుగా అంతే. పక్క సందులోని ఇళ్ళకూ వెళ్ళి చూసింది. అక్కడా అంతే.

క్యాంపస్‌లోని ల్యాబ్‌కి చేరి, కంప్యూటర్ ముందు కూర్చుని, లచ్చమ్మ ఇంటికి నిన్నటి రాత్రి సగటు ఎంత వచ్చిందో చూసింది. ముప్పై ఒకటి. గది కాస్త చల్లబడిన తెల్లవారుజామునే ముప్పై నాలుగుంటే, రాత్రంతా కలిపిన సగటు అంతకంటే తక్కువ ఎలా అవుతుంది?

బౌద్ధనగర్ రేకుల ఇళ్ళలో అమల పెట్టిన డబ్బాలు ఆరు. వాటిలోని సెన్సర్లు గదిలో వేడిని కొలిచి ల్యాబ్ కంప్యూటర్‌కి పంపుతాయి. రోజూ పొద్దున ఆరింటికి, ఎవరూ ముట్టుకోకుండానే, అమల రాసిన స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రామ్ దానంతటది నడిచి, ఒక్కో ఇంటికి రాత్రి సగటు లెక్కకట్టి, ఒక్కో వరుస చొప్పున ఫైలు చివర చేరుస్తుంది. అసలు రీడింగులు నెల రోజులే ఉంటాయి. తర్వాత చోటు చాలదని కంప్యూటరే చెరిపేస్తుంది. పగటి లెక్కలకు వేరే ఫైలుంది; రాత్రులకు మిగిలేది ఆ ఫైలు ఒక్కటే. ఆమె నాలుగేళ్ళ పరిశోధనలో సగం ఆ ఫైల్లోనే ఉంది.

ఆ మధ్యాహ్నం ఆమె గైడ్ ప్రొఫెసర్ సూర్యనారాయణ ఆమె థీసిస్ కాగితాలు పట్టుకుని ల్యాబ్‌లోకి వచ్చాడు. ఆయన పిల్లల్ని తన గదికి పిలిపించుకునే మనిషే. ఇవాళ తనే వచ్చాడంటే నలుగురిలో అడగదలుచుకున్నాడన్నమాట.

"అమ్మా అమలా, నాలుగో చాప్టర్లో ఈ చేతి కొలతలు ఎక్కడివి?"

"నేనే తీసిన సార్. పొద్దుగాల పోయి ఇంటింటికి చూసిన."

"ఎవరు చూశారు నువ్వు తీయగా?"

పక్క బల్ల దగ్గర, తన తర్వాత చేరిన స్కాలర్ ధరణి వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయి, మళ్ళీ కదిలాయి.

"సెన్సర్ చెప్పని అంకె మనిషి చెబితే దాన్ని డేటా అనరు. దానికి వేరే పేరుంది," అన్నాడాయన, గొంతు పెంచకుండా. "నువ్వు అనుకున్న ఫలితం రాలేదని అంకెలు పుట్టించకూడదు."

"పుట్టియ్యలేదు సార్. ఫైల్ల ఏదో తప్పున్నది."

"'ఫైల్లో' అనమ్మా. రేపు కమిటీ ముందు కూడా ఇలాగే మాట్లాడతావా?" కాగితాలు బల్ల మీద పెట్టి అంచులు సరిచేశాడు. "శుక్రవారం నీ సెమినార్. ఈ నెలాఖరుతో నీ రిజిస్ట్రేషన్ అయిపోతుంది. ఇంకోసారి గడువు అడగడం నావల్ల కాదు. ఫైల్లో ఉన్న అంకెలు వేసి చాప్టర్ రాయి. లేదూ, చాప్టరే తీసెయ్."

ఆయన వెళ్ళిపోయాడు. ల్యాబ్ తలుపు మీద లామినేషన్ చేసి అంటించిన పేపరు కటింగ్ ఫ్యాను గాలికి ఒక మూల లేచి పడుతోంది. 'రాత్రి వేడిలో బస్తీకీ అపార్ట్‌మెంట్‌కీ తేడా లేదు' అని దాని శీర్షిక. కింద సూర్యనారాయణ గారి ఫొటో, పక్కన ధరణి. పోయిన ఏడాది వాళ్ళిద్దరూ రాసిన పరిశోధనా పత్రం గురించిన వార్త అది. బౌద్ధనగర్ సగటుకి అమల ఫైల్లోని అంకె వాడుకుని, దాని పక్కన ధరణి పెట్టిన హబ్సిగూడ సెన్సర్ల సగటు వేసి, రెండూ ఒకటేనని తేల్చారు. దాని మీదే వాళ్ళ పరిశోధనా కేంద్రానికి కొత్త ప్రాజెక్టు వచ్చింది. మేడల మీద వేడిని తిప్పికొట్టే తెల్ల రంగు వేసే ప్రాజెక్టు. మొదటి విడత రంగు డబ్బాలు హబ్సిగూడ అపార్ట్‌మెంట్లకు వెళ్ళిపోయాయి.

*

ఫైలుని ఏడాదిగా ఎవరూ విప్పి చదవలేదు. దాన్ని చదివేది ఇంకో స్క్రిప్టు. అది చదివి, సగటు కట్టి, గ్రాఫ్ గీసి ఇస్తుంది. గ్రాఫ్ చూడటం అలవాటైన కంటికి ఫైలు గుర్తుకే రాదు. ఆ సాయంత్రం అమల దాన్ని మొదటిసారి వరుసవారీగా పైకీ కిందికీ నడిపి చూసింది.

తేదీ, సెన్సర్ నంబరు, అంకె. తేదీ, సెన్సర్ నంబరు, అంకె. ఒకటో నంబరు ముప్పై అయిదు. దాని కిందే అదే తేదీ, అదే ఒకటో నంబరు, ఇరవై ఎనిమిది.

వేలితో తెర మీద లెక్కపెట్టింది. రోజుకి ఆరు ఉండాల్సినవి పన్నెండు ఉన్నాయి.

తన తప్పే అయ్యుంటుందనుకుంది మొదట. స్క్రిప్టు రెండుసార్లు తిరుగుతోందేమో. అలాగైతే ఒకే అంకె రెండుసార్లు రావాలి కదా, వేరే అంకె ఎందుకొస్తుంది? ఫైల్లో రాసే ప్రతి వరుసనీ రాసేముందు తెర మీద కూడా చూపించేలా స్క్రిప్టులో ఒక చిన్న మార్పు చేసి, చేత్తో నడిపింది. తెర మీద ఆరు వచ్చాయి. ఆరూ సరైనవే, లచ్చమ్మ ఇల్లు ముప్పై అయిదు. ఫైలు తెరిచింది. అందులోనూ కొత్తగా ఆరే చేరాయి. తప్పు కనిపించలేదు. చేత్తో నడిపితే ఒద్దికగా ఉండేది, తెల్లారి దానంతటది నడిచినప్పుడు మాత్రం పన్నెండు ఎలా అవుతోంది?

మంగళవారం పొద్దున ఆరు దాటాక హాస్టల్ నుంచి నేరుగా ల్యాబ్‌కి వచ్చింది. తెర మీద చూపించినవి ఆరు. ఫైల్లో చేరినవి పన్నెండు.

ఆ రోజంతా ఆమె ఆ స్క్రిప్టుతోనే గడిపింది. రాసేముందు ఫైలుని మూసి తెరిచింది. రాశాక మూసింది. పాత వరుసలు మిగిలిపోతున్నాయేమోనని ఖాళీ ఫైలు పెట్టి చూసింది. మధ్యాహ్నం ధరణి తన టిఫిన్ డబ్బా మూత మీద సగం పులిహోర పెట్టి ఆమె వైపు జరిపింది. హబ్సిగూడలో ధరణి వాళ్ళమ్మ రోజూ ఇద్దరికీ సరిపడా సర్దుతుంది.

"తిను. సార్ మాటలు పట్టించుకోకు."

"నా ఫైలుకు దయ్యం పట్టింది ధరణీ."

"నా కోడింగ్ సంగతి నీకు తెలుసుగా. ఏడాది కింద నడిపించిన ప్రోగ్రామ్ అలా నడుస్తూనే ఉంది, నేను దాన్ని ముట్టుకోను కూడా." ధరణి నవ్వింది. అమల నవ్వి పులిహోర తింది.

టీ తాగడానికి బయటికి వచ్చినప్పుడు ఊరి నుంచి వాళ్ళ నాయిన సామేలు ఫోన్ చేశాడు. "శుక్రారమే గదా బిడ్డా? పాస్టరయ్య పోయిన ఆదివారం నీ పేరు వట్టి ప్రార్థన చేసిండు. అందరు లేచి నిలవడ్డరు. మల్ల అడుగుతడు, ఏం చెప్పాలె?"

"శుక్రవారమే నాయినా," అంది అమల. గైడ్ తనను అంకెలు పుట్టించిందన్నాడని ఏ నోటితో చెప్తుంది? టీ చల్లారిపోయింది.

వెళ్ళేముందు చేయగలిగింది ఒక్కటే మిగిలింది. తన స్క్రిప్టుని పూర్తిగా ఆపేసింది. రేపు పొద్దున అది నడవదు. రాసేవాళ్ళే లేకపోతే ఫైల్లో ఏమొస్తుంది?

బుధవారం పొద్దున ఫైలు తెరిచింది. కొత్తగా ఆరు వరుసలు ఉన్నాయి.

చేతులు వెనక్కి తీసుకుంది అమల. కాసేపు దాన్ని ముట్టుకోవాలనిపించలేదు. తర్వాత మెల్లగా అర్థమైంది. తన స్క్రిప్టులో తప్పు వెతుక్కుంటూ మూడు రోజులు గడిపింది. తప్పు అందులో లేదు. ఇంకెవరో ఇదే ఫైల్లో రాస్తున్నారు. రోజూ, ఇదే వేళకి, ఇవే సెన్సర్ నంబర్లతో.

ఎవరన్నది కంప్యూటర్ చెప్పలేదు. ల్యాబ్‌లో అందరిదీ ఒకే పాస్‌వర్డ్, ఎవరు రాసినా కేంద్రం పేరే పడుతుంది. అమల ఫైలుకి తాళం వేసింది. చదవచ్చు, రాయడానికి లేదు. ఆపైన అటు ఇటు చూసింది, దొంగతనం తను చేస్తున్నట్టు.

*

గురువారం పొద్దున ల్యాబ్‌లో ఇద్దరే ఉన్నారు.

"అమలా, ఒక్కసారి ఇలా రావా ప్లీజ్. నా ప్రోగ్రామ్ ఆగిపోయింది. ఎప్పుడూ ఇలా కాలేదు. ఫైల్లో రాయడానికి అనుమతి లేదంటోంది."

అమల లేచి ధరణి కుర్చీ వెనక నిలబడింది. తెర మీద ఎర్రగా ఒక వరుస. అందులో తన ఫైలు పేరు, ఒక్కక్షరం కూడా తేడా లేకుండా.

"ప్రోగ్రామ్ తెరువు," అంది.

ధరణి తెరిచింది. చూస్తూ చూస్తూ అమల ఒక చేత్తో కుర్చీ వీపు పట్టుకుంది. ఆ వరుసలన్నీ తనవే. తను ఎక్కడ ఖాళీ వదిలిందో అక్కడ ఖాళీ, తను పెట్టుకున్న పేర్లే అన్నిటికీ. మధ్యలో తన గుర్తు కోసం ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాట రాసుకుంది, 'లచ్చమ్మత్త ఇల్లు మొదలు' అని. అది కూడా అలాగే ఉంది. హబ్సిగూడ అపార్ట్‌మెంట్ల వేడిని లెక్కకట్టే ప్రోగ్రామ్ నడుమ లచ్చమ్మ పేరు. సెన్సర్ల రీడింగులున్న ఫోల్డర్ పేరు పైన మార్చారు. పగటి ఫైలు పేరు మార్చారు. రాత్రి సగటు రాసే చోట, చాలా కిందకి వెళ్ళాక, ఫైలు పేరు మార్చడం మరిచిపోయారు.

అమల స్క్రిప్టులోనూ సెన్సర్ నంబర్లు ఒకటి నుంచి ఆరు. ధరణి సెన్సర్లూ ఒకటి నుంచి ఆరు. ఏడాదిగా రేకుల ఇళ్ళ రాత్రులూ, అపార్ట్‌మెంట్ల రాత్రులూ ఒకే ఫైల్లో కలిసిపోయి, రెండు సగటులూ అదే ఫైలు నుంచి వచ్చాయి. ఇంక తేడా ఎక్కణ్ణుంచి కనిపిస్తుంది?

"ఇది నీకెట్ల వచ్చింది?"

ధరణి మెడ తిప్పలేదు. "సార్ ఇచ్చారు. నేను చేరిన కొత్తలో."

పోయిన ఏడాది మార్చిలో 'ఒకసారి చూస్తాను' అని ఆయన స్క్రిప్టు అడిగితే అమల పంపింది. బాగుందని కూడా అనలేదు ఆయన.

"పైన నా పేరుండె గదా?"

"ఉంది."

"సార్ తీసెయ్యమన్నడా?"

ధరణి చాలాసేపు ఎర్ర వరుస వైపే చూసింది. "సార్ ఏమీ అనలేదు. పేపర్‌తో పాటు ప్రోగ్రామ్ కూడా పంపాలన్నారు పత్రికవాళ్ళు. నీ పేరు ఉంటే మళ్ళీ ఏం అడుగుతారోనని... నేనే తీసేశా."

మొన్న తిన్న పులిహోర గుర్తొచ్చింది. కోపం రావాల్సిన చోట ఏదో అలసట వచ్చింది. తన బల్ల దగ్గరకు వెళ్ళి, సంచి తీసుకుని, ప్రొఫెసర్ గదికి నడిచింది.

సూర్యనారాయణ అంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. తెలివైనవాడు; ఆమె ముగించేలోపే ఎక్కడికి చేరుతుందో ఆయన చేరిపోయాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ధరణి చిన్నపిల్ల. పొరపాటు చేసింది. నీ ఫైలు నువ్వు బాగుచేసుకో."

"ఎట్ల సార్? ఈ నెలవి మళ్ళ లెక్కకట్టొచ్చు. పాతయి ఏది నాదో ఏది ఆమెదో తెల్వదు."

"అదే నేనూ అంటున్నది. విడదీయలేవు. విడదీసినా ఏమొస్తుంది? బస్తీలో వేడి ఎక్కువని వస్తుంది. అప్పుడు నా పేపరు తప్పని నా శిష్యురాలి థీసిస్ చెబుతుంది, దాని మీద నేను సంతకం పెట్టాలి. నువ్వే చెప్పు, ఎలా పెట్టను?" ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే సలహా అడుగుతున్నవాడిలా ఉన్నాడు. "ఆ ప్రాజెక్టు మీద నలుగురు బతుకుతున్నారమ్మా. నీకు చెడు చెయ్యాలని నాకు లేదు. నాలుగో చాప్టర్ తీసెయ్. మిగిలినవి చాలు నీకు. డాక్టరేట్ చేతికొచ్చాక ఏం రాసుకుంటావో నీ ఇష్టం. మొన్న అన్న మాట కూడా మర్చిపో."

కిటికీ బయట మామిడిచెట్టు కింద ఎవరో కుర్రాళ్ళు పోటీ పరీక్షల ప్రశ్నలు ఒకరినొకరు అడుక్కుంటున్నారు. అమల వాళ్ళ గొంతులు విన్నది. లేచి నిలబడి, కుర్చీ చప్పుడు కాకుండా లోపలికి జరిపింది.

"సరే సార్," అన్నది తన గొంతే.

ల్యాబ్‌కి వచ్చి థీసిస్ తెరిచి, నాలుగో అధ్యాయం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మౌస్‌తో పట్టి, ఒక మీట నొక్కింది. అయిదోది నాలుగోది అయింది. పేజీ నంబర్లు వాటంతటవే సర్దుకున్నాయి. ధరణి బల్ల ఖాళీగా ఉంది.

*

సెమినార్ హాల్లో ఏసీ ఒక మూలే పనిచేస్తుంది. కమిటీ వాళ్ళు ఆ మూలన కూర్చున్నారు. సూర్యనారాయణ మధ్యలో, ఆయనకు ఎడమవైపు హబ్సిగూడలోని ఒక సంస్థ నుంచి వచ్చిన పద్మావతి మేడమ్. పొట్టి మనిషి, ముగ్గురికీ ఇచ్చిన థీసిస్ కాపీల్లో ఆమెది ఒక్కటే నలిగి ఉంది. వెనక వరసల్లో స్కాలర్లు. చివరి వరసలో, తలుపు పక్కన, ధరణి.

అమల మాట్లాడింది. ఇళ్ళ తీరు, రేకులు, కిటికీలు, పగటి వేడి. రాసుకున్నదంతా తడబడకుండా చెప్పింది. 'ఫైల్లో' అనాల్సిన చోట 'ఫైల్లో' అనే అంది. చివరి స్లైడ్ రాగానే సూర్యనారాయణ గడియారం చూసుకున్నాడు.

"బాగుంది. ప్రశ్నలేమైనా ఉంటే..."

"ఒకటుంది," అంది పద్మావతి. పేజీలు తిప్పుతూనే ఉంది. "విషయసూచికలో రాత్రి వేడి అన్న మాటే లేదు. మీరు ఆరిళ్ళలో సెన్సర్లు పెట్టారు, అవి రాత్రి కూడా కొలిచే ఉంటాయి. ఎందుకు వదిలేశారు?"

"పరిధి తగ్గించమని నేనే చెప్పాను మేడమ్," అన్నాడు సూర్యనారాయణ.

"అర్థమైంది. అమలా, మీ గైడ్ గారి పేపరు నేను చదివాను. రాత్రి వేడికి బస్తీ, అపార్ట్‌మెంట్ తేడా లేదన్నారు. మీరు రెండేళ్ళు ఆ ఇళ్ళలో తిరిగారు కదా. మీరు ఒప్పుకుంటారా?"

అవును అంటే అయిపోతుంది. అమల నోరు తెరిచింది. ఒక్క మాట. ఊళ్ళో చర్చిలో అందరూ లేచి నిలబడ్డారు. ఈ హాల్లో తలుపు అటుంది, తను ఇటుంది, మధ్యలో ఇంతమంది.

"ఒప్పుకోను మేడమ్," అంది.

సూర్యనారాయణ ముందుకి వంగాడు.

"రాత్రి రేకుల ఇండ్లే ఎక్కువ ఉడుకుతయి. చాలా ఎక్కువ. ఆ పేపర్ల సగటు తప్పు. రెండు చోట్ల అంకెలు ఒకే ఫైల్ల కలిసిపోయినయి. నాకు ఈ వారమే తెలిసింది." ఇక మాట సరిచేసుకునే ఓపిక లేకపోయింది ఆమెకు. "అందుకే తీసేసిన."

హాల్లో కుర్చీలు కదిలాయి. సూర్యనారాయణ తొణకలేదు. పద్మావతి వైపు తిరిగి, పిల్లల తప్పు పెద్దమనసుతో కాసుకొచ్చే మనిషిలా చిన్నగా నవ్వాడు.

"నిజమే మేడమ్. నాకూ నిన్ననే తెలిసింది. ఆ స్క్రిప్టు రాసింది అమలే. ఫైలుని సరిగ్గా వేరుచేసి రాయకపోవడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. అనుభవం లేక జరిగింది. మేం సవరించుకుంటాం. అందుకే ఆమె మంచి కోరి ఈ చాప్టర్ వద్దన్నాను."

ఏడాదిగా ఎక్కడా లేని అమల పేరు ఇప్పుడు తప్పు పక్కన వచ్చి నిలబడింది. కాదని అరవాలనిపించింది ఆమెకు. నా స్క్రిప్టులో ఏ తప్పూ లేదని, మూడు రోజులు ప్రతి వరుసా చూశానని. కానీ ఆయన అన్న మాటలో మొదటి సగం ఆమె చెవిలో ఆగిపోయింది. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.

"అవును మేడమ్," అంది. "సార్ చెప్పింది నిజమే. ఆ స్క్రిప్టు నాదే. మొత్తం నేనే రాసిన."

పద్మావతి పేజీలు తిప్పడం ఆపింది. అమలనీ, ఆయననీ మార్చి మార్చి చూసింది.

"ఆ పేపరు లెక్కలన్నీ ఈ అమ్మాయి స్క్రిప్టుతో చేసినవేనా, సూర్యనారాయణ గారూ?"

"అంటే... అదే స్క్రిప్టుని కొంచెం మార్చి..."

"మరి పేపర్లో ఈ అమ్మాయి పేరేదీ?"

ఏసీ ఒక్కటే మోగుతోంది. సూర్యనారాయణ బల్ల మీది నీళ్ళ గ్లాసు పట్టుకున్నాడు గానీ ఎత్తలేదు. చెప్పిన మాట వెనక్కి తీసుకుంటే తప్పు ధరణి చేసిన కాపీదవుతుంది. తీసుకోకపోతే అడిగినదానికి జవాబు లేదు. అమల ఆయన మొహం చూసింది. నిన్న ఆయన గదిలో తన మొహం ఇలాగే ఉండి ఉంటుంది అనుకుంది. అలా అనుకున్నందుకు సంతోషమేమీ కలగలేదు.

చివరి వరసలో కుర్చీ కిర్రుమంది.

"పేరు నేను తీసేశాను మేడమ్," అంది ధరణి. నిలబడింది గానీ ముందు కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. "తన స్క్రిప్టులో తప్పేం లేదు. నేను కాపీ చేసుకుని, ఒకచోట ఫైలు పేరు మార్చడం మర్చిపోయా. నా వరుసలు తన ఫైల్లో పడ్డాయి."

కూర్చోమని ఎవరూ అనలేదు. కాసేపు అలాగే నిలబడి, తనే కూర్చుంది.

కమిటీ లోపల చాలాసేపు మాట్లాడుకుంది. పిలిచాక పద్మావతి చెప్పింది. ఈ థీసిస్ ఇలా ముందుకు పోదు. రాత్రి అధ్యాయం లేకపోతే ఇందులో ప్రాణమే లేదు. పాత అంకెలు విడదీసి, అది మళ్ళీ రాసి, ఇంకోసారి సెమినార్ ఇవ్వాలి. గడువు పొడిగించమని కమిటీయే రాస్తుంది. పేపరు సంగతి వేరే చూస్తారు. "విడదీయలేకపోతే మాత్రం నేనేం చేయలేనమ్మా," అంది చివర్న, కళ్ళజోడు సర్దుకుంటూ.

ఆ కాగితం మీద గైడ్‌గా సూర్యనారాయణ సంతకం కూడా కావాలి. ఆయన పెట్టాడు. కలం మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. అమల వైపు చూడలేదు. ఆయనే ఇంకా ఆమె గైడ్.

*

క్యాంపస్ గేటు దాటి తార్నాక వైపు నడుస్తోంది అమల. ఎండ దిగుతున్నా తారు నుంచి సెగ వస్తోంది. మెట్రో స్తంభాల నీడలో మిర్చి బజ్జీల బండి అప్పుడే పొయ్యి వెలిగించుకుంటోంది. గెలిచినట్టు లేదు, ఓడినట్టూ లేదు. ఈ వారం మొదట్లో ఎక్కడ ఉందో అక్కడే ఉంది. ఆ కలిసిపోయిన వరుసల ముందు.

వెనక నుంచి స్కూటర్ ఇంజన్ ఆగిన చప్పుడైంది. ధరణి దిగి, బండి నెట్టుకుంటూ పక్కకి వచ్చింది. ఎక్కమని అడగలేదు. కొంతదూరం ఇద్దరూ అలాగే నడిచారు.

"సార్ నన్ను ప్రాజెక్టు నుంచి తీసేస్తారు," అంది ధరణి.

"తీసేస్తడు."

"ఇంట్లో ఏం చెప్పాలో తెలీట్లేదు."

అమల సంచి భుజం మార్చుకుని నడుస్తూనే ఉంది.

"నా దగ్గర అసలు రీడింగులు ఉన్నాయి," అంది ధరణి ఉన్నట్టుండి. "నెలనెలా నా ల్యాప్‌టాప్‌లోకి దింపుకున్నా. రెండు వేసవులవీ ఉన్నాయి. అవి మళ్ళీ లెక్కకడితే నా వరుసలేవో తెలుస్తాయి. అవి తీసేస్తే మిగిలినవి నీవే కదా?"

అమల ఆగిపోయింది. వెనక వస్తున్న ఒకాయన విసుక్కుంటూ పక్క నుంచి తప్పుకుపోయాడు.

"నిన్ననే ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడగలేదు."

"అడిగితే ఇస్తుంటివా?"

ధరణి బండి హ్యాండిల్ మీద వేలితో గీస్తూ నిలబడింది. "నిన్నైతే ఇచ్చేదాన్ని కాదు," అంది.

ఆ మాటకి అమల మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. ఏడ్చిన కళ్ళు. జాలి రాలేదు. కానీ ఈ వారంలో తనతో ఎవరైనా ఏ అతుకూ లేకుండా చెప్పిన మాట అదొక్కటే.

"రేపు పొద్దున తీస్కరా," అంది. "కూసొని ఒక్కొక్క రోజు చూడాలె. నువ్వు నీవి చెప్పు, నేను కొట్టేస్త. ఒక్కదాన్ని చేస్తే అయ్యేది కాదు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"తెల్వదు."

సిగ్నల్ పడింది. బస్సులు ఆగాయి. అమల ముందు, బండి నెట్టుకుంటూ ధరణి వెనక, ఇద్దరూ రోడ్డు దాటారు.